సుంకి ఘాట్‌లో కారిన రేడియేటర్: బండిని పైకి పంపాలా, కిందికి దించాలా?

మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ వచ్చింది. సుంకి కింద ఘాట్ మలుపులో ఒక కారు ఆగిపోయిందని, బానెట్ లోంచి ఒకటే ఆవిరని, లోపల పెద్దావిడ కూడా ఉందని. ఫోన్ చేసినవాడు సుంకి, పొట్టంగి మధ్య జీపు నడిపే కుర్రాడు. "అన్నా, రేడియేటర్‌లో పసుపు కూడా పోశాను. కాసేపు ఆగింది, మళ్లీ కారుతోంది" అన్నాడు. పసుపు పోసినా ఆగలేదంటే లీకు ఒకచోట లేదు, లేదా కన్నం కాకుండా పగులు ఉంది. సామాన్లు ఆ లెక్కనే సర్దుకుని, శిష్యుణ్ణి వెనక ఎక్కించుకుని బైక్ మీద బయల్దేరాను.

నా షెడ్డు కొరాపుట్ జిల్లా సిమిలిగుడలో ఉంది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోదే, అందుకే ఇక్కడ మా వాళ్లకి పెళ్లిళ్లూ పేరంటాలూ ఇప్పటికీ కొండ దిగువతోనే. కొండ దిగువన ఆంధ్రాలో ఉన్న సాలూరు నుంచి కొరాపుట్ వచ్చే 26వ నంబర్ జాతీయ రహదారిలో కష్టమైన ముక్క సుంకి ఘాటే. సిమిలిగుడ ఎత్తు దాదాపు 900 మీటర్లు. మైదానంలో నెలల తరబడి చుక్కచుక్కగా కారుతూ ఎవరికీ పట్టని రేడియేటర్, ఈ ఎక్కుడులో ఒక్క పూటకే ఖాళీ అయిపోతుంది. ఇరవై రెండేళ్లుగా ఈ రోడ్డు మీద ఇలాంటివి చూస్తూనే ఉన్నాను.

ఈ కేసు రాయాలనిపించడానికి కారణం ఉంది. దారిలో రేడియేటర్ రిపేరు అనగానే అందరి దృష్టీ కన్నం మీదే ఉంటుంది. కన్నం పూడ్చాక ఆ బండి ఎటు వెళ్లాలి, ఎంత వేడిలో వెళ్లాలి అన్నది ఎవరూ అడగరు, మెకానిక్ కూడా చెప్పడు. నేనొకసారి చెప్పలేదు. దాని సంగతి కింద రాస్తాను.

బండి, మనుషులు

పదకొండేళ్ల నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ ఇంజిన్. యజమాని బొబ్బిలి వైపు నుంచి వస్తున్న రిటైర్డ్ స్కూలు మాష్టారు. వెంట భార్య, తల్లి. వెనక సీట్లో, డిక్కీలో పెళ్లి సారె. ఆ రాత్రి కొరాపుట్‌లో మాష్టారి మేనకోడలి పెళ్లి. మేనమామ ఆయనే కాబట్టి పిల్లని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సింది కూడా ఆయనే. జీపు కుర్రాడు కారుని తాడు కట్టి లాక్కొచ్చి సుంకిలో ఒక టీ కొట్టు పక్కన, చదునుగా ఉన్నచోట పెట్టాడు. రేడియేటర్‌లో పోసిన పసుపు ఆ సారె పొట్లంలోదే.

బానెట్ ఎత్తే ముందు మాష్టారిని మొదటినుంచీ చెప్పమన్నాను. ఎంత తొందరున్నా ఈ ఐదు నిమిషాలు వదులుకోను.

"సాలూరు దాటాక కూడా ఏసీ నడుస్తూనే ఉంది మేస్త్రీ. ఘాట్ ఎక్కుతుంటే వేడి ముల్లు పైకి పోయింది. ఆపుదామనుకునేలోపు దానంతటదే కిందికి దిగింది. పోన్లే, తగ్గిందనుకుని ఇంకో రెండు కిలోమీటర్లు తోలాను. అప్పుడు ఆవిరి వచ్చింది."

ముల్లు దానంతటదే దిగిందన్న మాటకి నాకు టెన్షన్ పట్టుకుంది. వేడిని కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరైన లెక్క చెబుతుంది. నీళ్లు తగ్గి సెన్సర్ ఖాళీలో పడితే, ఇంజిన్ మండిపోతున్నా ముల్లు కిందికి వచ్చేస్తుంది. ఎక్కుడులో, లోడుతో, యాక్సిలరేటర్ తొక్కుతూ ఉండగా పైకి పోయిన ముల్లు చటుక్కున దిగిందంటే ఇంజిన్ చల్లబడిందని కాదు, నీళ్లు అయిపోయాయని. కారు ఉన్న ప్రతివాళ్లూ ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే ఏటా ఎన్ని ఇంజిన్లు బతుకుతాయో.

ముందు ఇంజిన్ బతికుందా

నేను చేరేసరికి మూడున్నర. బండి ఆగి గంట దాటింది. రేడియేటర్‌నీ ఇంజిన్‌నీ కలిపే పై రబ్బరు గొట్టాన్ని గుడ్డతో పట్టుకుని నొక్కి చూశాను, మెత్తగా ఉంది. అంటే లోపల ఒత్తిడి లేదు. అప్పుడు మూత తీశాను. గొట్టం ఇంకా గట్టిగా ఉండగా మూత తిప్పితే మరిగే నీళ్లూ ఆవిరీ మొహం మీదికి చిమ్ముతాయి.

డిప్‌స్టిక్ తీసి ఆయిల్ రంగు చూశాను. పాలు కలిపిన టీలా మారలేదు, అంటే ఆయిల్‌లో నీళ్లు కలవలేదు. ఆయిల్ మూత అడుగున కూడా నురగ లేదు. తర్వాత రేడియేటర్‌లో నీళ్లు నింపి, మూత తీసే ఉంచి, శిష్యుణ్ణి స్టార్ట్ చేయమన్నాను. ఇంజిన్ పై భాగం, అంటే హెడ్, కింద ఉండే గ్యాస్కెట్ పలక పోయుంటే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి వచ్చి బుడగలు ఆగకుండా తేలుతూ ఉంటాయి. ఇక్కడ మొదట నాలుగైదు బుడగలు వచ్చి ఆగిపోయాయి. అది లోపల చిక్కుకున్న గాలి. సైలెన్సర్ నుంచి తెల్లపొగ కూడా లేదు. ఇంజిన్ నాలుగు సిలిండర్ల మీదా సమంగా కొడుతోంది.

జీపు కుర్రాడు బండి ఆగిన పది నిమిషాలకే వాగు నీళ్లు పోశాడట. కాలిపోతున్న అల్యూమినియం హెడ్ మీద చన్నీళ్లు పడితే అది వంగొచ్చు, చిట్లొచ్చు. ఈసారి ఏమీ కాలేదు. వాడు మంచి మనసుతోనే చేశాడు, కానీ ఇంకోసారి ఇలా చేయొద్దని పక్కకి పిలిచి గట్టిగానే చెప్పాను.

పసుపు చూపించిన దారి

మా వైపు రేడియేటర్‌లో పసుపు పోయడం పాత అలవాటు. అందులో నిజం లేకపోలేదు. పసుపు నీళ్లలో కరగదు. అందులో ఉన్న పిండిపదార్థం వేడినీళ్లలో ఉబ్బి జిగురవుతుంది. నీళ్లు ఏ కన్నం లోంచి పోతున్నాయో అక్కడికే ఆ రేణువులు కొట్టుకుపోయి అడ్డుకుంటాయి. గుండుసూది మొనంత కన్నమైతే కాసేపు ఆగుతుంది కూడా. కానీ రేడియేటర్ గొట్టాల లోపలి సందు మిల్లీమీటరో, ఇంకాస్తో ఉంటుంది. కన్నానికి అడ్డుపడే పసుపు ఆ సందులకీ, హీటర్‌కీ, నీళ్ల దారి తెరిచీ మూసే థర్మోస్టాట్‌కీ కూడా అడ్డుపడుతుంది. ఇక పగుళ్ల దగ్గర అసలు నిలవదు, ఒత్తిడికి పగులు తెరుచుకున్నప్పుడల్లా కొట్టుకుపోతుంది.

అయితే ఈ కేసులో పసుపు నాకు ఒక మేలు చేసింది. టార్చి వేసి చూస్తే ఇంజిన్ వైపు నుంచి రేడియేటర్ కింది మూలలో, రెక్కల మధ్య సన్నటి పసుపు గీత ఒకటి కనిపించింది. పైన ప్లాస్టిక్ ట్యాంకు మీద, పెద్ద గొట్టం తగిలించే మెడ మొదట్లో ఇంకో గీత, వెంట్రుకంత. గోటితో గీసి చూస్తే గోరు దిగింది. మూత చోట ప్రెషర్ టెస్టర్ బిగించి 0.5 బార్ దాకా గాలి కొట్టాం. కింద గీత దగ్గర బుడగ పొంగింది. పైన, మెడ మొదట్లో పగులు నోరు విప్పి నీళ్లు చిమ్మింది. పొడుగు మూడు సెంటీమీటర్లు ఉంటుంది.

ఒకే రేడియేటర్‌కి ఒకే రోజు రెండు వేరు వేరు లీకులు ఊరికే రావు. రేడియేటర్‌ని రెండు చేతులా పట్టుకుని ఊపాను. ఎడమవైపు అడుగున కదులుతోంది. వేలు పెట్టి తడిమితే, అడుగు పిన్ను కూర్చోవాల్సిన రబ్బరు బుష్ అక్కడ లేదు. రెండేళ్ల కిందట ముందు బంపర్ దెబ్బతింటే ఎక్కడో పని చేయించారట. రేడియేటర్ దించి ఎక్కించినప్పుడు ఆ బుష్ జారిపోయి ఉంటుంది, ఎవరూ చూసుకోలేదు. దాంతో రేడియేటర్ ఆ మూల కిందికి వాలింది. గోతిలో పడ్డప్పుడల్లా ఫ్యాన్ ఫ్రేము అంచు రేడియేటర్ రెక్కల మధ్య ఉండే సన్న గొట్టానికి రాసుకుని అరగదీసింది. పైన రబ్బరు గొట్టం బిగుసుకుని మెడను లాగీ లాగీ ప్లాస్టిక్ చిట్లింది. బొటనవేలంత రబ్బరు ముక్క లేకపోవడం వల్ల ఇదంతా. కొత్త రేడియేటర్ వేసినా ఆ బుష్ పెట్టకపోతే మళ్లీ ఇదే కథ.

పూడ్చిన పద్ధతి

పాత రోజుల్లో రాగి, ఇత్తడి రేడియేటర్లకి టంకం వేస్తే ఏళ్లు నిలిచేది. ఇప్పటి అల్యూమినియం గొట్టాలకి, పైనా కిందా ప్లాస్టిక్ ట్యాంకులకి రోడ్డు పక్కన టంకం కుదరదు.

అడుగు గొట్టం తీసి నీళ్లు వదిలితే పసుపు బురద దిగింది. నీళ్లు తేరేదాకా నాలుగు బకెట్లు పోశాం. రెండు బోల్టులు, కరెంటు తీగల కప్లర్ ఒకటి విప్పి ఫ్యాన్ పక్కన పెట్టాను. కన్నం పడ్డ గొట్టం చుట్టూ రెక్కలను సన్న స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ నెట్టి వేలెడు జాగా చేసుకున్నాను. ఆ గొట్టాన్ని కన్నం దగ్గరే కత్తిరించి, పై కొసను ముక్కు ప్లయర్‌తో నొక్కి చదును చేసి, కొద్దికొద్దిగా మడిచాను. కింది కొసను కూడా అలాగే. ఇక్కడ తొందరపడకూడదు. అల్యూమినియాన్ని ఒక్కసారిగా మడిస్తే మడత దగ్గర చిట్లి కొత్త కన్నం పడుతుంది. మడిచిన కొసలను ఎమిరీ కాగితంతో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, ఎపాక్సీ పుట్టీ ఒత్తాను. ముప్పై ఎనిమిది గొట్టాల్లో ఒకటి మూసేశామన్నమాట. చల్లదనంలో తేడా పెద్దగా తెలియదు. నిజానికి ఈ పని తాత్కాలికం అనడానికి కూడా లేదు, నెలలు ఆగుతుంది.

అసలు చిక్కు పై ట్యాంకుతో. అది నైలాన్ ప్లాస్టిక్, ఏ ఎపాక్సీ కూడా దాన్ని మనసారా పట్టుకోదు. అందుకని అతుకు జిగురు మీద కాకుండా ఆకారం మీద నిలబడేలా చేయాలి. పగులు రెండు కొసల్లో సన్న డ్రిల్ బిట్‌ని వేళ్లతో తిప్పుతూ చిన్న గుంతలు చేశాను, పగులు ఇంకా పాకకుండా. హాక్సా బ్లేడు ముక్కతో పగులు వెంట గాడి తీశాను. చుట్టూ రెండు వేళ్ల మేర గరుకు చేసి తుడిచాను. రెండు ట్యూబుల స్టీల్ ఎపాక్సీ కలిపి గాడి నింపి, దాని మీద టీ వడకట్టే స్టీలు జాలీ ముక్క పరిచి, మెడ చుట్టూ తిప్పి, పైన ఇంకో పూత వేశాను. జాలీ టీ కొట్టు ఆమె ఇచ్చింది, కొత్తదే. డబ్బులు తీసుకోనంటే బలవంతంగా చేతిలో పెట్టాను.

అప్పటికి ఐదయింది, కొండ మీద చలి దిగుతోంది. చలికి ఎపాక్సీ బాగా నెమ్మదిగా గట్టిపడుతుంది. మాష్టారి తల్లి అంతసేపూ బల్ల మీద కూర్చుని నా చేతులే చూస్తోంది. "మోకాళ్లకి కాపడం పెట్టినట్టు దానికీ పెట్టకూడదేటి, బాబూ?" అంది. పెట్టొచ్చు. టీ కొట్టు పొయ్యి మీద ఇసుక వేయించి, గుడ్డలో మూట కట్టి, అతుకుకి తగలకుండా దగ్గరగా పట్టుకున్నాం. చల్లారితే మళ్లీ వేయించడం. రెండున్నర గంటలు శిష్యుడూ నేనూ వంతులేసుకున్నాం. ఆ మూటతో ఎపాక్సీ బాగా గట్టిపడింది, అప్పట్నుంచీ చలికాలంలో అదే చేస్తున్నాను.

బుష్ చోట పాత టైరు ట్యూబు ముక్క చుట్టి ఇరికించాను. రేడియేటర్ కదలడం ఆగింది.

పైకా, కిందికా

అతుకు ఆరేలోపే మాష్టారు అడిగారు. "ఇంకెంత, మేస్త్రీ? ఎనిమిదికల్లా కొరాపుట్ చేరతామా?"

కారులో వద్దు, మీరు జీపులో పైకి వెళ్లండి, కారు కిందికి సాలూరు దిగాలి అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. సగం పైగా ఎక్కేశాం, ఇంకొంచెమే కదా అన్నారు. అది మామూలు మాటే. నా లెక్క ఆయనకి చెప్పింది ఇది.

ఆ బండి రేడియేటర్ మూత మీద 1.1 అని ఉంది, అంటే 1.1 బార్ ఒత్తిడి. మూత గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి అంతదాకా పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో నీళ్లు 115 డిగ్రీలు దాటినా మరగవు. అదే మూత లేని గిన్నెలో, మా సిమిలిగుడ ఎత్తులో, నీళ్లు 97కే మరుగుతాయి. మూత గట్టిగా బిగిస్తే మరుగుకి కావలసినంత వెసులుబాటు ఉంటుంది, కానీ ఆ ఒత్తిడి అంతా నా అతుకు మీద పడుతుంది. ప్లాస్టిక్ మీద వేసిన అతుకు అది మోయలేదు. కాబట్టి మూతను మొదటి గాడి దాకే తిప్పి, ఇంకా తిరక్కుండా తీగతో కట్టాలి. అప్పుడు ఒత్తిడి నిలవదు, ఆవిరి పక్క పైపు గుండా సీసాలోకి పోతుంది. ఇది రెండు గాళ్ల మూతలకే పనికొస్తుంది, మర తిప్పే మూతలకి కాదు.

ఒత్తిడి లేకపోతే మరుగు 97 దగ్గరే. ఫ్యాన్ తిరగడం మొదలయ్యేదే ఇంచుమించు 95 దగ్గర. కూలెంట్ సగం, నీళ్లు సగం పోస్తే మరుగు ఇంకో ఆరేడు డిగ్రీలు పైకి జరుగుతుంది. అందుకే నీళ్లు కలపని కూలెంట్ రెండు లీటర్లు వాడేశాను. అంతా కలిపినా చేతిలో ఉన్నది పది డిగ్రీలు కూడా కాదు. రెండో గేర్లో, ముగ్గురితో, సారె బరువుతో ఎక్కుతుంటే ఆ పది డిగ్రీలు ఒక్క మలుపులో కరిగిపోతాయి. దిగేటప్పుడు అలా కాదు. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి. ఇంజిన్ తిరుగుతుంది, వాటర్ పంపు తిరుగుతుంది, కానీ లోపల మంట ఉండదు. దిగుడులో ఇంజిన్ నిజంగానే చల్లబడుతుంది. పైగా కింద సాలూరు ఉంది. లారీల ఊరు, రేడియేటర్ పని తెలిసిన చేతులున్న ఊరు. ఈ మోడల్ రేడియేటర్ విజయనగరం నుంచి అక్కడికి ఒక బస్సు దూరం.

ఇంకో సంగతి కూడా ఆయనకి చెప్పాను. ఆరేళ్ల కిందట వానాకాలంలో ఒక వ్యాన్‌కి ఇలాగే పై ట్యాంకుకి అతుకు వేశాను. బాగా కుదిరిందన్న ధీమాతో మూత గట్టిగా బిగించి పొట్టంగి వైపు పంపించాను. జాగ్రత్తలేవీ చెప్పలేదు. మూడో మలుపులో అతుకు ఎగిరిపోయింది. డ్రైవర్ కుర్రాడు కంగారులో మూత తిప్పాడు. చెయ్యీ మెడా కాలాయి. ఆస్పత్రిలో వాడి పక్కన కూర్చున్న రాత్రి నాకు ఇప్పటికీ గుర్తే. ఆ అతుకు వేసింది నేను, పైకి వెళ్లమన్నది నేను.

మాష్టారు ఏమీ అనలేదు. ఆయన తల్లే లేచింది. "కారు రేపెక్కుతాదిరా. నువ్వు ఇయ్యాల ఎక్కు. పిల్లని గంపలో ఎవడు తెస్తాడు?"

సారె మొత్తం జీపులోకి మార్చాం. పసుపు పొట్లం ఖాళీ కవరు కూడా మామ్మగారు పారేయనివ్వలేదు, పెళ్లిలో చూపిస్తుందట. ఐదున్నరకి జీపు పైకి వెళ్లింది. కారు తాళాలు మాష్టారు నా చేతికిచ్చారు.

దిగడం

ఏడున్నరకి అతుకు మీద గోరు దిగట్లేదు. టెస్టర్‌తో 0.2 బార్ మాత్రమే కొట్టి పది నిమిషాలు చూశాను, ముల్లు కదల్లేదు. నీళ్లు నింపి, హీటర్ పూర్తి వేడికి తిప్పి, పై గొట్టం పిసుకుతూ గాలి తీశాను. ఫ్యాన్ రిలే దగ్గర తీగ కలిపి, తాళం తిప్పగానే ఫ్యాన్ ఆగకుండా తిరిగేలా చేశాను. ఏసీ కట్టేశాను. ఎదురుగా ఏసీ కండెన్సర్ వేడి కక్కుతుంటే రేడియేటర్‌కి చల్లగాలి అందదు.

రెండో గేర్లో దిగాను. న్యూట్రల్ అన్న ఆలోచనే లేదు, ఈ ఘాట్‌లో బ్రేకుల్నే నమ్ముకుంటే అవి కాలి పట్టు వదిలేస్తాయి. శిష్యుడు బైక్ మీద వెనకే, నా అడుగున తడి కనబడితే హారన్ కొట్టాలని ఒప్పందం. ఎదురుగా లారీలు మలుపు మలుపుకీ. ఐదు కిలోమీటర్లకోసారి పక్కకి ఆపి టార్చి వేశాను. పాచిపెంట దగ్గర చదును వచ్చాక ముల్లు కాస్త పైకి కదిలింది, అక్కడ ఇరవై నిమిషాలు ఆగాను. సాలూరు చేరేదాకా మొత్తం పోసిన నీళ్లు ముప్పావు లీటరు. అతుకు అంచున చెమట పట్టినట్టు తడి, అంతే.

మర్నాడు కొత్త రేడియేటర్, రెండు అడుగు బుష్‌లు, మూత, థర్మోస్టాట్, పై గొట్టం వేశారు. హీటర్‌ని వెనక నుంచి నీళ్లు కొట్టి కడిగారు, అందులోంచి కూడా పసుపు వచ్చింది. బుష్‌లు నేనే కూర్చోబెట్టాను.

పాత రేడియేటర్ ఇంటికి తెచ్చి అడ్డంగా కోశాను. అడుగు ట్యాంకులో వేలెడు మందాన పసుపు పేరుకుని ఉంది. ఏడు గొట్టాల మూతులు పూర్తిగా మూసుకుపోయాయి. అంత కడిగినా ఇంత మిగిలింది. నేను మడిచిన గొట్టం కొసలు పొడిగా ఉన్నాయి. పై ట్యాంకు అతుకు ఒక అంచున అప్పటికే లేచింది, కింద బ్లేడు దూరేంత సందు. ఎక్కుడులో అది ఎంతసేపు ఆగేదో చూస్తే అర్థమవుతుంది. ఆ ముక్క షెడ్డులో గోడకి తగిలించాను, నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి చూపిస్తాను.

వేసవిలో మాష్టారు అదే కారులో, కొత్త దంపతుల్ని చూడ్డానికి కొరాపుట్ వెళ్తూ షెడ్డు దగ్గర ఆగారు. ఘాట్ మొత్తం ఏసీ వేసుకునే ఎక్కారట, ముల్లు సగం దాటలేదట. బానెట్ ఎత్తి పై గొట్టం నొక్కాను, సమంగా గట్టిగా ఉంది. వంగి రెండు బుష్‌లూ వేలితో తడిమాను. మామ్మగారు వెనక సీటు లోంచి తల బయటపెట్టి, "ఉన్నాయా, బాబూ?" అంది. ఉన్నాయి అన్నాను.